హార్మోనియం వచ్చింది, కృష్ణుడు రాలేదు

ఏమప్పా, ఉగ్గాని తిన్నారా? లేదా? ఉండండి, బజ్జీతో సహా ఈ గోడమీద పెడతాను. తింటూ వినండి. నాకొక ఏడుపుంది. 2007 నాటిది. పాతదైతేనేం, ఊరగాయలాగా ఊరింది.

సింఫనిక్ మెటల్ అని ఒక సంగీతం. మొహం అట్లా పెట్టకండి! బళ్ళారి వాళ్లకు మెటల్ అంటే చెప్పాలా? సండూరు ఖనిజం లారీలెక్కి పోతూ పోతూ మన వాకిళ్ళకు ఎర్రరంగు పూసిన రోజులవి. ఉరిమే గిటార్లు, వెనక పెద్ద ఆర్కెస్ట్రా, ఆ మోతంతా దాటుకుని పైకి లేచే ఒక ఆడగొంతు. మన పద్యనాటకమే అనుకోండి. హార్మోనియం ఎంత మోగినా జనం కాచుకునేది కృష్ణుడి రాగానికే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకాలాడించిన ఊళ్లో ఈ ముక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. బళ్ళారి రాఘవ గారికి మాత్రం ఈ రాగాల సాగదీత గిట్టేది కాదు. ఆయన్ని ఈ తగువులోకి లాగొద్దు.

ఎక్కడున్నాం? ఆఁ, నైట్‌విష్. ఫిన్లాండులో కిటే అనే చిన్న ఊరి వాళ్లు. 2004లో లండన్ వాద్యకారులను పెట్టుకుని 'వన్స్' అని ఆల్బమ్ చేశారు. బెంగళూరులో ఇంజనీరింగు చదివే మా పిన్ని కొడుకు సీడీ తెచ్చిచ్చాడు. అందులో 'ఘోస్ట్ లవ్ స్కోర్' అని పది నిమిషాల పాట. మిద్దెమీద పడుకుని విన్నాను. టార్యా టురునెన్ గొంతు ఎత్తుకుంది చూడండీ, దోమలు కుట్టేది కూడా తెలీలేదు.

మరుసటేడు అక్టోబరులో ఏం చేశారో తెలుసా? హెల్సింకీలో కచేరీ ముగిసిన రాత్రే ఆమె చేతికొక ఉత్తరం పెట్టి, ఇక రావద్దన్నారు. అదే ఉత్తరం ఊరందరికీ చూపించారు. ఇదేం పెద్దమనిషితనం? పంపకాలు మనకు కొత్తా? 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు ఆంధ్రకు పోయాయి, మనం ఇటు మైసూరువైపు ఉండిపోయాం. అయినా ఒకరినొకరు దెప్పుతూ పాటలు కట్టుకున్నామా? టువోమాస్ హొలొపైనెన్ కట్టాడు! కీబోర్డు వాయించేది, పాటలు రాసేది ఆయనే లెండి. 'బై బై బ్యూటిఫుల్' అని ఆమె మీదే రాసి, కొత్తగా వచ్చిన అనెట్ ఓల్జన్ చేత కూడా అందులో పాడించాడు. ఆ పిల్ల ఏం పాపం చేసింది చెప్పండి?

ఆ పాటున్న ఆల్బమే 2007 నాటి 'డార్క్ ప్యాషన్ ప్లే'. ఖర్చు 5 లక్షల యూరోలు దాటిందట. మొదటి పాటే దాదాపు 14 నిమిషాలు. బృందగానం, ఒక చిన్నపిల్లాడి గొంతు, వాద్యాల జాతర. మధ్యలో టువోమాస్ తన పేరే పెట్టుకుని తన చావునే వర్ణించుకున్నాడు, మహానుభావుడు! నేను లేచి కూర్చున్నాను. ఇక వస్తుంది, ఇక వస్తుంది ఆ గొంతు అని చెవులు రిక్కించాను. వచ్చింది. చక్కని గొంతే, శ్రుతి తప్పలేదు. ఒపేరా గొంతు మాత్రం కాదు, పాప్ పాటల గొంతు. రథమంత బాణీ కట్టి, లాగమని లేగదూడకు కట్టినట్టుంది. ఆల్బమ్ బాగా అమ్ముడుపోయింది, కాదనను. నా ఏడుపు నాది.

అసలు చిత్రం వినండి. దానికే రెండు సీడీల కట్ట ఒకటుంది. రెండోదాంట్లో అనెట్ గొంతు లేదు, వాద్యాలదే మోత. కృష్ణుణ్ణి ఎట్లాగూ పంపేశాం, హార్మోనియమన్నా వినండి అన్నట్టు! మొదట్లో ఒళ్లు మండింది. ఇప్పుడు ఎక్కువగా పెట్టుకునేది దాన్నే. వాద్యాలు వాళ్లవి, గొంతు నాది. ఆదివారం పొద్దున్నే తలుపులన్నీ తీసి, టార్యా పాడి ఉంటే ఎట్లా పాడేదో అట్లా ఎత్తుకుంటాను.

మొన్న ఆదివారం మీ వంటింటి కిటికీ ధబీమని మూసుకుంది. గాలికే కదా?