నీరు పల్లమెరుగు, కానీ...

“నీరు పల్లమెరుగు” అన్నారు పెద్దలు. నిజమే. కానీ పల్లానికి ఎట్లా దిగుతుందో ఎప్పుడైనా గమనించారా?

నేను కవాడిగూడలో, ట్యాంక్‌బండ్ కట్టకు దిగువన, గది తీసుకొని చదువుకుంటున్నాను. పెద్ద వాన కురిసినప్పుడు అక్కడి వాలు రోడ్డు మీద నీళ్లు ఒక్క తీరుగా జారవు. వేలెడు లోతు కూడా లేని నీరు అడ్డంగా మడతలు పడి, అల వెనుక అలగా దొర్లుతూ దిగుతుంది. వీటికి రోల్ వేవ్స్ అని పేరు. వాన ఆగి ఆగి పడటం వల్ల వచ్చేవి కావివి. వాన ఒకే ధారగా పడుతున్నా పుడతాయి.

కారణం ఇది. వాలు నీటిని కిందికి లాగుతుంది, నేల రాపిడి ఆపుతుంది. ఒకచోట నీటి మందం కాస్త పెరిగితే లాగే బరువు పెరుగుతుంది, రాపిడి మాత్రం అడుగుననే. కాబట్టి మందంగా ఉన్న నీరు వడిగా పోయి, ముందున్న పల్చని నీటిని తరిమి పట్టుకుంటుంది. ఆ ఉబ్బును సర్ది చదును చేసేది నీటి పైన పాకే మామూలు అల. సెంటీమీటరు లోతులో దాని వేగం సెకనుకు సుమారు 31 సెంటీమీటర్లు. ప్రవాహ వేగం దానికి రెట్టింపు దాటిందా, ఇక చదును చేయడం దాని వల్ల కాదు. ఉబ్బు పెరిగి పెద్దదవుతుంది. ఆల్ప్స్ కొండల రాతి కాలువల్లో ఈ అలలను వాన్ కార్నిష్ ఫోటోలు తీశాడు. 1925లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జెఫ్రీస్ వీటి లెక్క తేల్చాడు.

మా ఊరి పంట కాలువలో ఇవి కనబడవు. అక్కడ వాలు తక్కువ, నీరు నిదానం. అయినా మా నాన్న గట్టు వేసేటప్పుడు నీటిమట్టం మీద ఇంకో జానెడు ఎత్తు వదులుతాడు. “నీళ్లు ఎప్పుడూ ఒక్క తీరుగ ఉంటయా బిడ్డా?” అంటాడు.

పట్నానికి కావలసింది ఆ జానెడే. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడి హుస్సేన్‌సాగర్ నాలా పక్క బస్తీలు మునిగాయి. ఆ ముంపు ఈ అలల వల్ల అని నేననను. కానీ వాలు కాలువ గోడను సగటు లోతుకే కడితే అల దాన్ని దాటి దుముకుతుంది. నీళ్లు మడమ దాకే కదా అని దిగిన పిల్లవాడి కాలికి తగిలేది సగటు లోతు కాదు, వెనుక నుంచి వచ్చే అల.

మిత్రులారా! వచ్చే వానకు అరుగు మీద నిలబడి, రెండు అలల నడుమ ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. ఆ తర్వాతే రోడ్డు దాటండి.