పొంగనాల పెనంలో మిగిలిన వాషర్



పోయిన మంగళవారం బోరబండలో ఉంటున్న మా అన్నను చూడటానికి వెళ్ళాను. సంగారెడ్డి బస్సులో ఎర్రగడ్డ దగ్గర దిగి, అక్కడి నుండి ఆటోలో. మూడు నెలల క్రితం అన్నకు పక్షవాతం వచ్చిందనీ, కుడిచేయి పట్టు తప్పిందనీ మీకు తెలుసు. మీరంతా ప్రార్థన చేశారు కూడా.

మీకు చెప్పనిది ఒకటుంది. ఆరేళ్ళ క్రితం నాన్న పొలం పంచుకున్నప్పుడు బోరు ఉన్న వైపు నేను తీసుకున్నాను. "ఊళ్ళో ఉండేది చిన్నోడే కదా" అని పెద్దమనుషుల చేత అనిపించాను. అన్న ఏమీ అనలేదు. అమ్మ చనిపోయినప్పుడు బంధువులందరి ముందు చేతులు పట్టుకున్నాం, ఒకే పంక్తిలో భోజనం చేశాం. అంతటితో సర్దుకుందనుకున్నాను. కానీ ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా రెండు మాటలకే ఇద్దరికీ ఏదో పని గుర్తొచ్చేది.

ఆ రోజు కూడా ప్రార్థన చేసి, టీ తాగి లేవబోయాను. అన్న అన్నాడు: "ఏం తొందర తమ్మీ? కూసో. గా రీలు బిగించిపో."

అన్నకు చేపలు పట్టడమంటే ప్రాణం. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాతది కొన్న స్పిన్నింగ్ రీలు ఒకటి ఉంది. దాంతో మంజీర ఒడ్డున గంటల తరబడి కూర్చునేవాడు. ఏటా ఎండాకాలం చివర దాన్ని విప్పి, కడిగి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగిస్తాడు. ఈసారి విప్పి కడిగిన వారంలోనే చేయి పడిపోయింది. వదిన పొంగనాల పెనం తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్కో గుంతలో ఒక్కో భాగం, విప్పిన వరసలోనే ఉన్నాయి. "మూడు నెలలాయె, మా ఇంట్ల పొంగనాలు లేవు" అని నవ్వింది.

ఈ రకం రీలులో దారం విసిరేటప్పుడు కండె తిరగదు. దారమే కండె అంచు మీదుగా చుట్లు చుట్లుగా జారిపోతుంది. 1905లో ఇంగ్లండులో ఇల్లింగ్‌వర్త్ అనే బట్టల మిల్లు యజమాని ఇలాంటి రీలుకు పేటెంటు తీసుకున్నాడు. పిడి తిప్పితే లోపల పెద్ద గేరు చిన్న ఇత్తడి గేరును తిప్పుతుంది. అప్పుడు ముందున్న రోటర్ తిరుగుతూ దారాన్ని కండెకు చుడుతుంది.

అన్న చెబుతుంటే నేను చేశాను. గేరు పళ్ళకు గ్రీజు, బేరింగులకు ఒక్కో చుక్క నూనె. రోటర్ వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్‌కు మాత్రం గ్రీజు అంటకూడదు, అంటితే జారుతుంది. చిన్న గేరు, నడిమి కడ్డీ, పెద్ద గేరు, పక్క మూత, స్క్రూలు. అరగంటలో అయిపోయింది. బస్సు దొరుకుతుందని సంతోషించాను.

పిడి తిప్పాను. తిరిగింది గానీ లోపల గరగరమంది. పెనం చూస్తే ఒక గుంత అడుగున కాగితమంత పలుచని వాషర్ ఒకటి మిగిలింది. పెద్ద గేరుకూ బేరింగుకూ మధ్య ఉండాల్సినది. అది లేకపోతే గేరు కొంచెం పక్కకు ఊగుతుంది, పళ్ళు సరిగ్గా కుదరవు. పైకి ఏమీ కనబడదు. అలాగే వాడితే పళ్ళు అరిగిపోతాయి.

"ఇంత చిన్నదానికి మళ్ళీ విప్పాలా అన్నా?" అన్నాను.

"ఇప్పు" అన్నాడు.

పిడి తీశాను. ఒక్కో స్క్రూ తీస్తుంటే నాలో ఏదో కదిలింది. అమ్మ పోయిన రోజు మేము కూడా మూత బిగించేశాం. అన్నీ వాటి చోట ఉన్నట్టే కనిపించాయి. ఒకటి మాత్రం నేను పక్కన పెట్టేశాను.

తల ఎత్తకుండానే అన్నాను: "అన్నా, బోరు సంగతిలో తప్పు నాదే. పెద్దమనుషులతో నేనే అనిపించిన."

కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత అన్న ఎడమచేత్తో ఆ వాషర్ తీసి నా అరచేతిలో పెట్టాడు. "నాకెరికేరా. నువ్వు అంటవో అనవో అని చూసిన."

మళ్ళీ బిగించాక పిడి తిప్పితే చప్పుడే లేదు. నేను రీలు పట్టుకుంటే అన్న ఎడమచేత్తో పిడి తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఆ రాత్రి నేను ఊరికి రాలేదు. వదిన పెనం తోమి మినప్పప్పు నానబోసింది. బోరు నీళ్ళ వాటా గురించి వచ్చే నెల ఊళ్ళో కూర్చుని మాట్లాడుకుంటాం.

ప్రియులారా, మత్తయి 4వ అధ్యాయంలో యాకోబు, యోహాను దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటుండగా ప్రభువు వారిని పిలిచాడు. అక్కడ బాగుచేయడానికి వాడిన గ్రీకు మాట 'కతర్తిజో'. గలతీ పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనంలో, తప్పిదంలో చిక్కుకున్నవాణ్ణి మృదువుగా సరిచేయమని పౌలు చెప్పేచోట కూడా అదే మాట ఉంది. ఈ సంగతి మన మందిరంలో ఎన్నోసార్లు బోధించాను. బోధించిన ప్రతిసారీ సరిచేసేవాడి చోట నన్ను నిలబెట్టుకున్నాను. ఆ రోజు బోరబండలో సరిచేయబడవలసినవాణ్ణి నేను. ఒక్క చేయి మాత్రమే ఆడే మా అన్న నన్ను మృదువుగా సరిచేశాడు.

మీ ఇంట్లో కూడా పైకి అన్నీ బిగించినట్టే ఉండి, మాట్లాడబోతే లోపల గరగరమనే బంధం ఉందేమో చూసుకోండి. ఉంటే, బస్సు పోతే పోనివ్వండి. మళ్ళీ విప్పండి.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.