ఏ వనానికి ఏ కత్తి?

కార్తీక వనభోజనాలకు కత్తిపీటను మించినది లేదని నా అభిప్రాయం. యాభైమందికి గుమ్మడికాయలు తరగాలంటే చాకు పట్టిన చెయ్యి నొప్పెడుతుంది. కత్తిపీటను కాలు అదిమిపెడుతుంది, రెండు చేతులూ కాయకే మిగులుతాయి. పూర్ణా మార్కెట్టులో కొనేటప్పుడు కత్తి పీటకు గట్టిగా బిగిసిందో లేదో కదిపి చూడాలి. పదునుదేముంది, సాన పట్టించుకోవచ్చు.

అరకు దారిలో పనసపండుకు ఆశపడేవారు నూనెసీసా కూడా వెంట ఉంచుకోవాలి. వాదరకు రాయకపోతే జిగురు వదలదు. ఇనుపకత్తి సానకు తేలికగా లొంగుతుంది గాని, మన ఉప్పుగాలికి ఇట్టే తుప్పెక్కుతుంది. భీమిలి తీరానికి స్టెయిన్‌లెస్ చాకే మేలు.

కంబాలకొండకు మాత్రం ఏదీ వద్దు. అది అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'ఆయుధం' అన్న మాటకిచ్చిన నిర్వచనంలో తుపాకులు, వలలు, ఉచ్చులతో పాటు కత్తులూ ఉన్నాయి. ముందుగా లిఖితపూర్వకమైన అనుమతి పొందనిదే ఆయుధంతో అభయారణ్యంలో ప్రవేశించరాదని 31వ సెక్షను. "పండు కోసుకునే చాకు కూడా ఆయుధమేనా?" అని వాదించే మిత్రులున్నారు. ఆ నిర్వచనంలో కత్తి పొడవు ప్రసక్తే లేదు. జామకాయలు ఇంట్లోనే కోసి డబ్బాలో పెట్టుకుంటే సరిపోతుంది. అరటిపళ్ళయితే ఆ శ్రమా ఉండదు.