రెండు గిన్నెలు

బెంగుళూరులో మూడు తరాలుగా ఉంటున్న మా యింట కైమా ఉండలు కొత్త కాదు. అరకిలో పొట్టేలు కైమాకు పిడికెడు పుట్నాలపొడి, అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర చేర్చి ఉసిరికాయంత ఉండలు కట్టుకుంటాము. గుడ్డు అక్కరలేదు, పుట్నాలే పట్టి ఉంచుతాయి.

మొన్నటి విందుకు పిల్లలు అమెరికా పద్ధతి కావాలన్నారు. అక్కడ ఈ పులుసులో బూర్బను పోస్తారు. అది సగానికి పైగా మొక్కజొన్నతో కాచే విస్కీ. మేము రమ్ముతో సరిపెట్టుకున్నాము. టమాటా, బెల్లం, మిరియాలు కలిసి మరుగుతుండగా ఉండలు వదలి, అవి ఉడికాక పొయ్యి ఆర్పి నాలుగు చెంచాల రమ్ము పోసి, మళ్లీ సన్నసెగ పెట్టాము. మంట మీద పోస్తే ఆవిరి భగ్గుమంటుంది సుమా!

"ఉడికితే మత్తంతా ఎగిరిపోతుంది గదా" అన్నాడు మా తమ్ముడు. పోదు. అమెరికా వ్యవసాయశాఖ పట్టిక ప్రకారం పావుగంట ఉడికినా మద్యసారం నూటికి 40 పాళ్లు, గంట ఉడికినా 25 పాళ్లు నిలుస్తుంది. తాగుడు మాని 3 ఏళ్లయిన మా బావగారు ఆ పూట భోజనానికి వస్తున్నారాయె. ఆయనకొక్కరికే వేరే గిన్నె పెడితే అందరి కళ్లూ దానిమీదనే. అందుచేత రమ్ము లేని గిన్నెనే పెద్దది చేసి, చింతపండు రసంతో పులుపు తెచ్చి, పిల్లల పేరు చెప్పి ముందుగా అందరికీ అదే వడ్డించాము.

బావగారు తొమ్మిది తిన్నారు. చిన్న గిన్నెలో సగం మిగిలింది.