లెక్కలోకొచ్చిన బరువు

పెనుబల్లిలో మా పెరటి వసారాలో ఇనప రాడ్డు చూసి అత్తయ్య అడిగింది: "ఇంట్లో మోసే బరువులు చాలలేదా?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిజమే. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు, బియ్యం బస్తా 25. ఇన్నేళ్లూ ఎత్తుతూనే ఉన్నాను. ఎవరూ లెక్క రాయలేదు, సెలవివ్వలేదు.

2000లో సిడ్నీలో మన సిక్కోలు అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడు. చూసి మురిసిపోయానే గానీ, ఆ రాడ్డు నాక్కూడా అనుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

మొదట మా అబ్బాయి చేసే ఆరు రోజుల ప్రోగ్రాం పట్టుకున్నాను. మూడు వారాలకే నడుం పట్టేసింది. తర్వాత నా బతుక్కి సరిపోయేది ఎంచుకున్నాను. వారానికి మూడు రోజులు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ప్రెస్, రో. సెట్లన్నీ తడబడకుండా పూర్తయితేనే మరోసారికి 2.5 కిలోలు కలపాలి. అన్నీ నోటుపుస్తకంలో రాయాలి.

ఎత్తడం వచ్చింది. చేతకానిది విశ్రాంతి. అలసిన కండ ఆగినప్పుడే బలపడుతుంది. కానీ మంగళవారం నేనాగితే బస్తా ఎవరు దించాలి? నా ప్రోగ్రాంలో సగం ఇంట్లోవాళ్లు పాటించాల్సిందేనని అప్పుడర్థమైంది. గొడవలయ్యాయి.

మొన్న మంగళవారం సిలిండర్ వచ్చింది. నేను లేవలేదు. కాసేపు చూసి, ఆయనే లోపలికి మోసుకెళ్లారు. పుస్తకంలో ఆ తేదీ కింద "విశ్రాంతి" అని రాసుకున్నాను. మొదటిసారి.