నేను తీసేసుకున్న డ్రిల్ పీరియడ్

ఉద్యోగం చేసినన్నాళ్లూ పదో తరగతికి లెక్కలు చెప్పాను. దసరా సెలవులు అయ్యాయంటే చాలు, డ్రిల్ మాస్టారి దగ్గరికి వెళ్లి ఆయన పీరియడ్ అడిగి తీసుకునేవాణ్ని. ఆయన కాదనేవారు కాదు. హెడ్మాస్టరుగారికీ అదే కావాలి, తల్లిదండ్రులకీ అదే కావాలి. "ఆటల పీరియడ్ కూడా వదలడు, పిల్లల కోసం ప్రాణం పెడతాడు" అని ఊళ్లో చెప్పుకుంటుంటే పొంగిపోయాను.

అది సాయంత్రం చివరి పీరియడ్. పొద్దున్నుంచీ బెంచీల మీద కూర్చునే ఉన్న పిల్లలకి ప్రాథమిక అనుపాత సిద్ధాంతం చెప్పేవాణ్ని. బోర్డు మీద త్రిభుజం వేసి, ఒక భుజానికి సమాంతరంగా గీత గీసి ఇటు తిరిగేసరికి సగంమంది చూపులు కిటికీ అవతలే ఉండేవి. అక్కడ ఎనిమిదో తరగతి వాళ్లు ఖోఖో ఆడుతుండేవారు. పొద్దున టకటకా చెప్పిన పిల్లే సాయంత్రం అదే మెట్టు దగ్గర ఆగిపోయేది. దాన్ని అశ్రద్ధ అనుకున్నాను. మళ్లీ రాయమన్నాను, ఇంకోసారి రాయమన్నాను. "ఈ ఒక్కరోజు ఆడుకోనివ్వండి సార్" అని ఒక అమ్మాయి అడిగితే, మార్చి దాటాక జీవితమంతా ఆడుకోవచ్చు అన్నాను. మండల స్థాయిలో ఖోఖో ఆడిన పిల్ల. పదో తరగతి తర్వాత మళ్లీ బరిలోకి దిగనే లేదని చాలాకాలానికి తెలిసింది.

బుర్ర పనిచేయాలంటే ఒళ్లు కదలకూడదన్నది అప్పటి నా నమ్మకం. అది తప్పని నా ఒంటి మీదే తెలిసొచ్చింది. రిటైరయ్యాక షుగర్ బయటపడితే డాక్టరుగారు నడవమన్నారు. మొదట్లో మందు మింగినట్టే నడిచాను. పోగాపోగా ఒకటి గమనించాను. రాత్రి ఎంతసేపు కూర్చున్నా తెగని లెక్క, పొద్దున చెరువు గట్టు మీద నడుస్తుంటే తెగిపోయేది. నడిచొచ్చాక చదివింది గుర్తుండిపోయేది. ఎందుకని? పట్టుబట్టి చదవడం మొదలుపెట్టాను.

మన ఒంటి బరువులో మెదడు 2 శాతమే. కానీ ఒంటికి కావలసిన ఆక్సిజన్‌లో ఇంచుమించు 20 శాతం దానికే పోతుంది. నాడీకణాల ఎదుగుదలకు తోడ్పడే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ వ్యాయామంతో పెరుగుతుంది. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్ల మీద జరిపిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఏడాదిపాటు వారానికి 3 రోజులు నడిచినవాళ్లలో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ భాగం దాదాపు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే కసరత్తులతో సరిపెట్టుకున్నవాళ్లలో అది తగ్గింది. ఈ వయసులో నాకు అది పెద్ద ధైర్యం.

ఇంకొకటి చదివాక మాత్రం ముఖం చెల్లలేదు. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ హిల్‌మన్ బృందం తొమ్మిది, పదేళ్ల పిల్లల్ని ట్రెడ్‌మిల్ మీద 20 నిమిషాలు నడిపించి పరీక్ష పెట్టింది. చిన్న పరిశోధనే, పిల్లలు 20 మందే. అయితేనేం, ఊరికే కూర్చున్న రోజు కంటే నడిచిన రోజు వాళ్ల జవాబుల్లో తప్పులు తగ్గాయి, చదివింది బాగా అర్థమైంది. నడిచింది 20 నిమిషాలు! నేను తీసేసుకున్న పీరియడ్ అంతకు రెట్టింపు.

పరుగులూ చెమటలూ ఉంటేనే ఆట అనీ కాదు. సెలవులకి మనవరాలు వస్తే మా ఆవిడ వామనగుంటల పలక తీస్తుంది. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు. ఏ గుంటలోవి తీసి పంచితే చివరి గింజ ఎక్కడ పడుతుందో, దాని పక్క గుంట ఖాళీయో కాదో ముందే చూసుకోవాలి. ఆ పిల్ల చింతపిక్కల మీద చెయ్యి వేయదు. పెదాలు కదుపుతూ కళ్లతోనే లెక్కపెట్టుకుని, అప్పుడు తీస్తుంది. అంత ఏకాగ్రత కోసం నేను క్లాసులో గొంతు పోయేలా అరిచేవాణ్ని. ఇక్కడ ఎవరూ అరవడం లేదు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడుల్లో ఇప్పుడు లెక్కలు, సైన్సు చెబుతున్న నా తర్వాతి తరం టీచర్లందరికీ ఒక మనవి. పరీక్షలు దగ్గరపడ్డాయని డ్రిల్ పీరియడ్ అడక్కండి. డ్రిల్ మాస్టార్లూ, ఎవరు అడిగినా ఇవ్వకండి. పిల్లల్ని ఆడనివ్వండి. ఆడి వచ్చినవాళ్లని కాసిని మంచినీళ్లు తాగనిచ్చి, అప్పుడు చెప్పండి మీ సిద్ధాంతం.