పండుగాడి గిన్నె

ఆ రాత్రి మూడింటికి పండుగాడు ఇసుకపెట్టెలో కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. నేను ఆఫీసు రిలీజ్ పనిలో ఉండి, మలబద్ధకమేమో అనుకున్నాను. పొద్దున్న డాక్టరుగారు వాడి పొట్ట పట్టి చూసి, "మూత్రం అడ్డుపడింది. ఇంకొక్క రోజు ఆగుంటే కష్టమయ్యేదండీ" అన్నారు. గొట్టం వేశారు, సెలైన్ ఎక్కించారు, మూడు రోజులు తమ దగ్గరే ఉంచుకున్నారు.

అప్పటిదాకా వాడికి పెట్టిందంతా డ్రై ఫుడ్డే. టైమర్ ఉన్న డబ్బాలో పోస్తే పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ దానంతటదే గిన్నెలో పడేది. ఏదైనా ఆటోమేట్ చేస్తే దాన్ని మర్చిపోవచ్చు అన్నది మా వృత్తి నేర్పిన అలవాటు. పిల్లిని కూడా అలాగే మర్చిపోయానన్నమాట.

తప్పంతా డ్రై ఫుడ్‌దే కాదనీ, మగపిల్లికి మూత్రనాళం సన్నగా ఉంటుందనీ, బరువూ బెదురూ కూడా కారణాలేననీ డాక్టరుగారే చెప్పారు. కానీ నీళ్ళ సంగతి మాత్రం నన్ను వదల్లేదు. పెంపుడు పిల్లుల పూర్వీకులు పొడి నేలల్లో బతికిన ఆఫ్రికా అడవిపిల్లులు. వాటికి కావలసిన నీళ్ళు చాలావరకు వేట నుంచే వచ్చేవి. ఎలుక ఒంట్లో మూడింట రెండొంతులు నీరే. వెట్ ఫుడ్‌లో సుమారు 75-80 శాతం నీరుంటుంది, డ్రై ఫుడ్‌లో 10 శాతం. ఆ లోటు తీరేంతగా గిన్నెలో నీళ్ళు తాగే అలవాటు చాలా పిల్లులకి లేదు.

పుస్తకం వెనక అట్ట మీది మాటలు నమ్మను గానీ, తిండి ప్యాకెట్ వెనక రాసింది మాత్రం ఇన్నాళ్ళూ నమ్మాను. డ్రై ఫుడ్ మీద ప్రోటీన్ 32 శాతం, వెట్ ఫుడ్ మీద 10. ఏది మంచిదో తేలిపోయిందనుకున్నాను. నీళ్ళు తీసేసి లెక్కవేస్తే కథ తిరగబడింది: 90లో 32 అంటే దాదాపు 36 శాతం, 20లో 10 అంటే 50 శాతం.

"మన ఊళ్ళో పిల్లులు పెరుగన్నం తిని బతకలేదట్రా?" అంది అమ్మ ఫోన్‌లో. బతికాయి. కాకపోతే పెరుగన్నం వాటికి చిరుతిండి, అసలు భోజనం గాదె కింద దొరికేది. పిల్లికి మాంసం తప్పనిసరి. అందులోని టారిన్ తగ్గితే గుండె దెబ్బతింటుందని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు తేల్చారు. అప్పటి ప్యాకెట్ తిండిలోనే ఆ లోపముంది. కంపెనీలు టారిన్ పెంచాక ఆ జబ్బు బాగా తగ్గిపోయింది.

మరి పూర్తిగా వెట్ ఫుడ్‌కి మారానా అంటే, లేదు. ఖర్చు కొన్ని రెట్లు. పైగా హైదరాబాద్ ఎండల్లో గంట దాటితే చీమలూ, వాసనా. అందుకని ఇప్పుడు పొద్దునా రాత్రీ వెట్ ఫుడ్, అందులో రెండు చెంచాల నీళ్ళు కలిపి, వాడు తినేదాకా పక్కనే ఉంటాను. మధ్యాహ్నానికి తూచిన గుప్పెడు డ్రై ఫుడ్, టైమర్ డబ్బాలోనే.

లేవగానే నా మొదటి పని ఇసుకపెట్టెలో ముద్దలు లెక్కపెట్టడం. మూడుంటే హాయిగా కాఫీ పెట్టుకుంటాను. ఒకటే ఉంటే, కాఫీ తర్వాత.